సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవద్దు
(న్యాయశాస్త్ర విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)



న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఇంటర్న్‌షిప్ చేయాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు. న్యాయవాదుల వద్దే కాక కంపెనీలలోనూ ఈ శిక్షణ పొందవచ్చు. "కంపెనీలో నేర్చిన విద్య మన బస్తీకి ఏమి ఉపయోగం?" అని పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. ఉపయోగం ఉంది. అయితే అది దానంతట అది రాదు.

మా బస్తీ అమ్మాయి ఒకరు నిరుడు ఒక కంపెనీ న్యాయ విభాగంలో నాలుగు వారాలు గడిపింది. జిరాక్సులు తీసింది, ఫైళ్లు సర్దింది, సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఒక్క ఒప్పందమూ చదవలేదు. ఈ ఏడాది మరో సంస్థకు వెళ్లే ముందు, గుమాస్తా పనిలో మేము నేర్చినది ఆమెకు చెప్పాం: "మొదటి రోజే పని అడుగు. పాత అద్దె ఒప్పందాలకు సారాంశం రాసి, దిద్దమని కోరు." అక్కడి అధికారి అంగీకరించారు. గడువు, అద్దె పెంపు, ఖాళీ చేయించే షరతు, వివాద పరిష్కారం అనే నాలుగు అంశాలను పట్టి చూడడం ఆమెకు అలవాటైంది.

తిరిగి వచ్చాక మా మసీదు ముల్గీల అద్దె పత్రాలు ఆమె ముందు పెట్టాం. మూడేళ్ల గడువు పత్రాలు స్టాంపు కాగితం మీద ఉన్నాయే గాని రిజిస్టరు కాలేదు. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి చట్టం చెబుతోంది. అద్దె పెంపు ఊసే లేదు. కాగితాలు చదవడం వచ్చనుకున్న మేమూ గమనించలేదు. పేద పిల్లల ఫీజులు కట్టేది ఆ అద్దెతోనే, నష్టపోయినది వారే. ఇప్పుడు సీనియర్ న్యాయవాది సలహాతో కొత్త పత్రాలు సిద్ధమవుతున్నాయి.

విద్యార్థులారా, ఏ రోజు నేర్చినది ఆ రోజే డైరీలో రాసుకోండి. కంపెనీ కాగితాలు మాత్రం అమానత్. ఒక్క పేరూ బయటికి రాకూడదు. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తులను ఎలా పరిశీలిస్తారో అడిగి తెలుసుకోండి. మన పాఠశాలలకు అది అవసరం. కొన్ని వారాలు కింది కోర్టు న్యాయవాది వద్ద కూడా గడపండి.

పెద్దలారా, చాలాచోట్ల ఈ శిక్షణకు భృతి ఉండదు. బస్సు చార్జీలకు, భోజనానికి వెనుకాడి మన పిల్లలు మంచి అవకాశాలు వదులుకుంటున్నారు. ఆ ఖర్చు మసీదు కమిటీలు, సంఘాలు భరించాలి. ముల్గీల అద్దె పెరిగిన నాడు అందులో కొంత ఇందుకే కేటాయించాలని మా కమిటీ ముందు ప్రతిపాదించాం. మీరూ ప్రతిపాదించండి.