నల్లని తెర, తెల్లని అక్షరము



ముప్పదియైదేండ్లు నల్లబల్లపై సుద్దముక్కతో వ్రాసి పిల్లలకు చదువు చెప్పినవాడను. నలుపుపై తెలుపు నాకు క్రొత్త కాదు. అయినను మూడేండ్ల క్రిందట నా మనుమడు నా సెల్‌ఫోను తెరను నల్లగా మార్చి యిచ్చినప్పుడు ఒక పొరపాటు చేసితిని. అది మీరు చేయకుందురుగాక యనియే నేటి నా ప్రసంగము.

ఈ యేర్పాటును డార్క్ మోడ్ అందురు. 2019లో ఆండ్రాయిడ్, ఐఫోను రెండింటను ఇది వచ్చెను. దీనివలన బ్యాటరీ ఎక్కువసేపు నిలుచునని పలువురి నమ్మకము. అది తెర జాతిని బట్టి యుండును. ఎల్‌సీడీ తెరకు వెనుక నొక దీపము కలదు. తెర నల్లగా కనబడినను ఆ దీపము వెలుగుచునే యుండును. కిటికీకి గొంగళి కట్టినంతమాత్రమున ఇంటిలోని దీపమునకు చమురు మిగులునా? ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి చుక్కయు ఒక ప్రమిద వంటిది. నలుపు కావలసినచోట ప్రమిద ఆరిపోవును, చమురు మిగులును. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 2021లో ఇట్టి ఫోనులను పరీక్షించిరి. వెలుగు నిండుగా నున్నప్పుడు నూటికి 39 మొదలు 47 పాళ్ల వరకు విద్యుత్తు మిగిలినది. వెలుగు 30 మొదలు 50 పాళ్లున్నప్పుడు మిగిలినది 3 మొదలు 9 పాళ్లే. కావున ఇంటి నీడన చదువుకొనువారికి లాభము స్వల్పము.

ఇక కన్నుల మాట. నల్లని తెరను చూచునప్పుడు కనుపాప విప్పారును. అందువలన అక్షరపుటంచులు కొంత మసకబారును. 2013లో ప్రకటితమైన జర్మనీ దేశపు పరిశోధన యొకదానిలో పడుచువారును వృద్ధులును తెలుపుపై నలుపునే మేలుగా చదివిరి. నల్లబల్లపై నేను బెత్తెడేసి యక్షరములు వ్రాసితిని గాన పిల్లలకు చిక్కు లేకపోయెను. ఫోనులో అక్షరము చీమతలంత. అంచు చెదరినచో మన లిపిలో పు, వు ల భేదమే తెలియదు.

శుక్లములు గలవారి స్థితి వేఱు. మబ్బుపట్టిన కంటికటకములో వెలుతురు చెదరును. తెల్లని తెర కన్నులలో గ్రుచ్చుకొనును, నల్లనిది హాయిగా నుండును. నాకు జరిగిన దిదియే. హాయి కలిగినది గదా యని ఏడాది పాటు వైద్యుని దరికి పోనైతిని. ఒకనాటి రాత్రి మాత్రల అట్టపై పేరు కానరాక, నా భార్యకు రక్తపోటు మాత్రకు బదులు వేఱొకటి యిచ్చితిని. ఆమె రంగు గుర్తుపట్టి మ్రింగక మానెను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడే వైద్యునికి చూపించితిని. రెండు కన్నులను శుక్లములు. శస్త్రము చేసి క్రొత్త కటకము లమర్చిరి. ఇప్పుడు తెల్లని తెరయే నాకు సుఖముగా నున్నది.

పగటివేళ తెలుపుపై నలుపు చదువుడు. రాత్రివేళ వెలుగు తగ్గించుడు, అక్షరము పెంచుడు. నల్లని తెర హాయి యనిపించినచో వాడుకొనుడు. అందు దోషము లేదు. కాని మునుపు లేని విధముగా తెల్లని తెర కన్నులలో గ్రుచ్చుకొన నారంభించినచో, తెర రంగు మార్చి ఊరకుండక, ఆ వారముననే కన్ను చూపించుకొనుడు.