కత్తి పెట్టకముందే నొప్పిమందు
(చందానగర్‌లో పాల సంఘ సభ్యుల ఎదుట ఒక పశువైద్యుని ప్రసంగ పాఠం)



నోరులేని జీవం తన బాధ చెప్పుకోలేదు. మేత ముట్టదు, నెమరు మానేస్తుంది, పళ్ళు కొరుకుతుంది, పాలు తగ్గిస్తుంది. అదే దాని మాట.

చందానగర్ చుట్టూ పొలాలు పోయి మేడలు లేచాయి. కొట్టం ఇరుకైంది. మేతతోపాటు ప్లాస్టిక్ సంచులు కడుపులోకి పోతున్నాయి. కనుక పొట్ట కోసి సంచులు తీయడం, దూడలకు కొమ్ము మొగ్గలు కాల్చడం ఒక్కొక్కప్పుడు తప్పదు.

దీనికి పశువును కట్టి పడవేస్తే చాలదు. కోసేచోట లిగ్నోకెయిన్ సూది వేస్తే తిమ్మిరెక్కి కోత తెలియదు. అయితే దాని బలం గంట, రెండు గంటలే. గాయం నొప్పి మరునాటికీ ఉంటుంది. అందుకే పని మొదలుకాకముందే మెలాక్సికామ్ వంటి నొప్పి, వాపు తగ్గించే మందు కూడా ఇవ్వాలి. కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున ఒక్క మోతాదు దూడకు దాదాపు రోజంతా పనిచేస్తుంది.

ముందే ఎందుకు? కోత పడగానే నరాలు, వెన్నుపాము రెచ్చిపోతాయి. ఆపైన చేయి తగిలినా నొప్పే. అంటుకున్న గడ్డివామిని ఆర్పడం కంటే నిప్పురవ్వ పడకుండా చూడడం తేలిక కదా!

1888, 1889లలో మన హైదరాబాదులోనే నిజాం ప్రభుత్వ సాయంతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం మీద పరీక్షలు జరిపించాడు. మనుషుల ఆపరేషన్లు క్షేమంగా జరగాలని ఆనాడు ప్రాణాలిచ్చినవి కుక్కలు, కోతులు. ఆ జ్ఞానంలో పశువుకూ వాటా ఉంది.

ఒక హెచ్చరిక. డైక్లోఫినాక్‌ను పశువులకు వాడడం 2006లో ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లనూ నిషేధించింది. డైక్లోఫినాక్ పడిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చస్తాయి. మెలాక్సికామ్ వాటికి హాని చేయదు.

షాపులో మందు కొని మీరే సూది వేయకండి. నీరసించిన పశువుకు, చూడి పశువుకు ఏది తగునో డాక్టరే చెప్పాలి. మందు వేశాక ఆయన చెప్పినన్ని రోజులు ఆ పాలు సంఘం క్యానులో పోయకండి. యూరపులో మెలాక్సికామ్‌కు 5 రోజులు ఆపుతారు. అది నష్టమే, కాదనను. కానీ నొప్పితో మేత మానిన పశువు అంతకన్నా ఎక్కువే పోగొడుతుంది. దూడకైతే ఆ నష్టమూ లేదు.

ఈసారి డాక్టరు వచ్చినప్పుడు, కత్తి తీసేలోపే అడగండి: "డాక్టరుగారూ, నొప్పిమందు వేశారా?"