టెస్ట్ పైలట్ రాకేశ్ శర్మ

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పైలట్ అనగానే మన మంగళగిరి కుర్రాళ్లకు నల్ల కళ్లద్దాల సినిమా హీరో గుర్తొస్తాడు. నేను చెప్పబోయే పైలట్‌ను దేశమంతా టీవీ తెరమీద చూసింది గాని, అది వేషం కాదు.

రాకేశ్ శర్మ గారు పాటియాలాలో పుట్టినా చదివింది హైదరాబాదులో. నిజాం కాలేజీ విద్యార్థి. 1971 యుద్ధంలో మిగ్-21 నడిపారు. 1984 ఏప్రిల్ 3న సోవియట్ నౌకలో అంతరిక్షానికి వెళ్లారు. పైనుంచి భారతదేశం ఎలా కనబడుతోందని ఇందిరాగాంధీ గారు అడిగితే, ఇక్బాల్ 1904లో రాసిన తరానా మొదటి మాటలతో జవాబిచ్చారు. ఉర్దూ చెప్పి బతికేవాణ్ణి, ఆ సంగతి చెప్పకుండా ఎలా ఉంటాను!

అంత పేరొచ్చాక ఇంకొకరైతే సన్మానాలతో కాలం గడిపేవారు. ఆయన 1987లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో చేరి, నాసిక్‌లో, తర్వాత బెంగుళూరులో మళ్లీ విమానాలు పరీక్షించారు. 2001 దాకా ఎగిరారు.

టెస్ట్ పైలట్‌కు ఎగరడం సగం పనే. ఎంత ఎత్తులో, ఎంత వేగంలో విమానం ఎలా నడిచిందో, దిగాక పొల్లుపోకుండా రాయాలి. ‘బాగుంది’ అంటే చాలదు. మన మగ్గాల వాళ్లకు తెలుసు: పోగు ఎక్కడ తెగిందో చెప్పాలి గాని, ఊరికే చీర బాగాలేదంటే ఎలా? ఆ కాగితాన్ని నమ్మే తర్వాతి పైలట్ ఆ విమానం ఎక్కుతాడు.

మన పిల్లలేమో ప్రయోగం చెయ్యకుండానే గైడు చూసి సైన్సు రికార్డు నింపుతున్నారు. రానిది రాలేదనే రాయమంటాను. మార్కులు పోతాయని కొందరు తండ్రులు నామీద కోపంగా ఉన్నారు. ఉండనివ్వండి భాయ్, చూసి రాసిన రికార్డుకు నేను సంతకం పెట్టను.