చిత్రములలో ఆహారము, మృగములు



ఇటీవల దిల్‌సుఖ్‌నగరులోని మా యింట నా మనుమడు జపాను చిత్రముల పుస్తకమొకటి తిరుగవేయుచు, ఒక పుటకడ నాగి పకపక నవ్వెను. "తాతయ్యా! కొండ ప్రక్కన వంకాయలెందుకు?" అని యడిగెను. ఆ పుటలో ఫూజీ పర్వతము, ఒక డేగ, మూడు వంకాయలు కలవు. వానికి నేను చెప్పిన సమాధానమే నేటి ప్రసంగమునకు మూలము.

క్రొత్త సంవత్సరమున వచ్చు తొలి కలను జపానువారు శుభాశుభసూచకముగా నెంచుదురు. అట్టి కలలలో ఫూజీ పర్వతము ప్రథమము, డేగ ద్వితీయము, వంకాయ తృతీయము అని వారి నానుడి. వంకాయకేల యింత గౌరవము? వారి భాషలో వంకాయను 'నాసు' అందురు. కార్యము సాధించుటకును 'నాసు' అనియే పేరు. ఇది శ్లేష. అట్లే 'తై' యను ఎఱ్ఱని చేప చిత్రమున నున్నచో శుభకార్యమని యెఱుగవలెను; వారికి 'మెదెతై' యనగా మంగళకరము. వంగిన నడుము, పొడవైన మీసములు గల రొయ్య దీర్ఘాయువునకు గుర్తు. సారసపక్షి వేయేండ్లు, తాబేలు పదివేలేండ్లు జీవించునని వారి నమ్మకము. మనము కావ్యములలో వెదకు శ్లేషను వారు కూరలబుట్టలో కనుగొనిరి.

వారిలో ఇతో జకుచూ (1716–1800) అను చిత్రకారుడు నాకు మిక్కిలి ప్రీతిపాత్రుడు. అతడు క్యోటో నగరమున నిషికి అంగడివీథిలో కూరగాయల టోకువర్తకుల యింట జన్మించెను. బుద్ధుని పరినిర్వాణమును చిత్రింపబూని, బుద్ధునికి మారుగా ఒక ముల్లంగిని పరుండబెట్టి, చుట్టును కూరలు, పండ్లు చేరి శోకించుచున్నట్లు వ్రాసెను. చూచినవారు మొదట నవ్వుదురు, పిమ్మట నవ్వలేరు. 1770వ దశకపు తొలి యేండ్లలో ఆ యంగడి మూతపడబోగా, జకుచూ కుంచె ప్రక్కన బెట్టి, అధికారులతో పలుమారులు మాటలాడి దానిని నిలిపెను.

ఇక మన చేర్యాల నకాషీలు వ్రాయు పటములను చూడుడు. ఎఱ్ఱని నేలపై కథ వరుసలుగా నడచును. పద్మశాలీల పటమున భావనాఋషి పెద్దపులి నెక్కి వచ్చును. గొల్లల కాటమరాజు కథకు ఆవులమందలే ప్రాణము. ఆ యుద్ధమంతయు పచ్చికకొఱకే గదా! గౌడుల పటమున తాటిచెట్టు నిలుచును. జపాను చిత్రమునకు శ్లేష ఊతమైనచో, మన పటమునకు కథ ఊతము. కథ తెలియనివానికి పులి వట్టి పులియే. తెలిసిన నేతగానికి అది తన వంశగౌరవము.

మఱియొక విశేషము. ఆహారము చిత్రమున వ్రాయబడు వస్తువు మాత్రమే కాదు. వ్రాతకు ఆధారమును అదియే. చేర్యాలలో బట్టకు బియ్యపుగంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు పట్టించి ఆరబెట్టిన పిమ్మటనే కుంచె తాకింతురు. శ్రీకాళహస్తి కలంకారీవారు బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంతురు. బెల్లము, ఇనుపముక్కలు నీట పులియబెట్టి నల్లరంగు తీయుదురు. జపానువారు పశుచర్మపు జిగురుతో రంగులు కలిపి, ఆలిచిప్పల పొడితో తెలుపు దిద్దుదురు. కనుక వంటయిల్లు, పశువులకొట్టము, ఈ రెండును చిత్రకళకు పుట్టిండ్లు.

ఇప్పుడు నా వేదన మనవి చేసెదను. మా పొరుగున కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉండెడిది. వేసవిలో మామిడిపండ్ల రాసులు చూచుటకే పిల్లలు పోయెడివారు. 2021లో అది మూతపడి వ్యాపారము బాటసింగారమునకు తరలినది. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ మార్గమున పోయినచో హరిణవనస్థలి వచ్చును. ఒకప్పుడది నిజాము వేటభూమి, 1975లో మహావీరుని పేర జింకలవనమైనది, 1994లో జాతీయోద్యానమైనది. అందు కృష్ణసారమృగములు నేటికిని గలవు. కృష్ణసారము తనంత తాను తిరుగాడు భూమియే యజ్ఞయోగ్యమని మనుస్మృతి చెప్పినది. నేడా మృగము కంచెలోపల, మనము కంచెవెలుపల!

పండును రాసిగా చూడనివాడు, మృగమును నడకలో చూడనివాడు చిత్రమందలి సంకేతమును చదువజాలడు. అక్షరములు తెలిసియు అర్థము తెలియనివాని వంటివాడగును. ముప్పదియైదేండ్లు బడిలో పద్యములకు ప్రతిపదార్థము చెప్పితిని. గోడమీది బొమ్మకు అర్థము చెప్పవలెనని ఒక్కనాడును తోచలేదు. ఆ లోపము నాదే.

అందుచే మరునాడు మనుమని హరిణవనస్థలికి తీసికొనిపోతిని. పొదల నడుమ నల్లనిజింక యొకటి తలయెత్తి మమ్ము చూచి, ఒక్క గంతున మాయమైనది. ఇంటికి వచ్చి వాడు దాని బొమ్మ వ్రాసెను. ప్రక్కన ఒక వంకాయను గూడ వ్రాసెను. "ఇదెందుకురా?" అంటిని. "మళ్ళీ వెళ్ళాలి తాతయ్యా! అది సాధించాలిగా!" అనెను.

వానికి లిపి అందినది. మీ పిల్లలకును అందింపుడు.