కుంటలో పట్ట పరిచే ముందు



పోయిన వారం మనం అడుగు, అంగుళం చదువుకున్నాం. టేపు పట్టుకొని ఈ గది కొలిచాం. ఈ వారం ఆ లెక్కతోనే ఒక పని ఉంది. చేలోని పంట కుంటలో ప్లాస్టిక్ పట్ట ఎలా పరచాలి, ఎలాంటిది కొనాలి, కొన్నాక ఎలా కాపాడుకోవాలి? ఈ సంగతులు చెబుతాను.

నేను బడిలో మీ పిల్లలకు పాఠం చెప్పే దాన్ని. సేద్యం మీకు తెలిసినంత నాకు తెలియదు. కానీ మా ఇంట్లో ఒక కుంట చెడిపోయింది. అప్పట్నుంచి ఈ విషయం కనిపించిన చోటల్లా చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. తప్పు చెబితే దిద్దండి.

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదైనా వరసగా పడదు. పడితే ఒక్క రాత్రి వంక పొర్లుతుంది. లేదంటే నెల రోజులు మొగం చాటేస్తుంది. శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు వాన రాకపోతే ఏమవుతుందో నేను మీకు చెప్పాలా? అప్పుడు ఒక్క తడి చాలు, పంట చేతికొస్తుంది.

ఆ ఒక్క తడి కోసమే పంట కుంటలు తవ్వారు. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం మొదలయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఊరూరా కుంటలు తవ్వారు. తట్టలతో ఆ మట్టి మోసింది మీరే. కానీ మనవి ఎక్కువగా ఎర్ర నేలలు. నీళ్ళు నిలవవు. నిండిన కుంట చూస్తుండగానే ఇంకిపోతుంది. పంటకు కావలసిన రోజుకు అడుగున బురదే మిగులుతుంది. పట్ట పరిచేది అందుకే.

అన్ని కుంటలకూ పట్ట వేయకూడదు. ఇది ముందే చెబుతున్నాను. నీళ్ళు భూమిలోకి దిగి బోర్లు నిండాలని తవ్విన కుంటలుంటాయి. వాటికి పట్ట వేస్తే తవ్విన పనే దండగ. మంచి నల్లరేగడి అయితే కొంతవరకు అదే నీటిని పట్టుకుంటుంది. ఎర్ర నేలల్లో కొందరు ఆరు పాళ్ళ మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి, రెండు అంగుళాల మందాన పూస్తారు. అదీ ఒక దారే. పట్ట కొనే ముందు ఇవన్నీ ఆలోచించుకోవాలి.

ఇప్పుడు మా చిన్నాన్న కుంట సంగతి.

ఆ కుంట పైన 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. లోతు 8 అడుగులు. పక్కలు వాలుగా తవ్వారు కాబట్టి అడుగున 14 అడుగులే ఉంది. పట్ట ఎంత కావాలని అంగట్లో అడిగారు. మా చిన్నాన్న నోటితో లెక్క కట్టాడు. ముప్పై, ఎనిమిది, ముప్పై ఎనిమిది. 38 అడుగుల పట్ట తెచ్చాడు. పిన్ని కమ్మలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అది.

మనం ఇక్కడ పలక మీద వేసి చూద్దాం. ఒక పక్క వాలు 11 అడుగుల 4 అంగుళాలు. రెండు పక్కలకు 22 అడుగుల 8 అంగుళాలు. అడుగు భాగం 14. మొత్తం 36 అడుగుల 8 అంగుళాలు. 38 లోంచి అది తీసేస్తే ఎంత మిగిలింది? ఒక అడుగు నాలుగు అంగుళాలు. అంటే కట్ట మీద అటు ఎనిమిది అంగుళాలు, ఇటు ఎనిమిది అంగుళాలు. జానెడు కూడా లేదు.

ఆ జానెడు అంచు మీద రాళ్ళు పెట్టారు. మొదటి పెద్ద వానకే కట్ట మీది నీళ్ళు పట్ట కిందికి దూరాయి. పట్ట పూరీలా పైకి పొంగింది. తర్వాత గాలి లేచింది. పెట్టిన రాళ్ళే పట్టను కోసేశాయి.

మా పిన్ని జాకెట్లు కుడుతుంది. అంచు మడతకు గుడ్డ వదలకుండా ఎవరైనా కత్తిరిస్తారా? ఆమెను ఎవరూ అడగలేదు. ఆ కమ్మలు ఇప్పటికీ రాలేదు.

కాబట్టి లెక్క నోటితో కట్టొద్దు. ఒక పొడవాటి తాడు తీసుకోండి. కట్ట మీద ఒక కొస నుంచి మొదలుపెట్టండి. తాడును వాలు వెంట కిందికి దింపి, అడుగున పరిచి, అవతలి వాలు మీదుగా పైకి తీసుకుపోండి. తాడు నేలను అంటుకొని పోవాలి, గాల్లో తేలకూడదు. అంచుకు ఒక్కో పక్క 4 అడుగులు కలపండి. ఆ తాడును టేపుతో కొలవండి. చిన్నాన్న కుంటకైతే 44 అడుగుల 8 అంగుళాలు వస్తుంది. 45 అనుకొని కొనాలి. పొడవుకు ఒకసారి, వెడల్పుకు ఒకసారి కొలవాలి. కుంట పూర్తిగా తవ్వి, చదును చేసిన తర్వాతే కొలవండి.

ఆ 4 అడుగులు ఎందుకంటారా? కట్ట మీద, అంచు నుంచి రెండడుగుల దూరంలో చుట్టూ ఒక గాడి తీయాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు. పట్ట అంచును ఆ గాడిలోకి దించి, మట్టి పోసి దిమ్మిస చేయాలి. పట్టను పట్టుకొని ఉండేది ఆ గాడే. కట్ట కూడా చుట్టుపక్కల నేలకన్నా ఎత్తుగా ఉండాలి. అప్పుడే వాననీళ్ళు దారి విడిచి పట్ట కిందికి పోవు.

ఇక కొనే సంగతి. పట్ట మందం మైక్రాన్లలో చెబుతారు. వెయ్యి మైక్రాన్లు అంటే ఒక మిల్లీమీటరు. 500 మైక్రాన్లు అంటే అందులో సగం. కుంటకు 500 మైక్రాన్లది మేలు. కళ్ళంలో కాయల మీద కప్పే నీలం పట్ట ఉంటుంది కదా, అది కుంటకు పనికిరాదు. ఎండకు పొరలు పొరలుగా లేచిపోతుంది.

చీటీ మీద రాత ఇంగ్లీషులో ఉంటుందని భయపడకండి. అంకెలు మనం నేర్చుకున్న అంకెలే. 500 ఉందా, 300 ఉందా చూడండి. నేసిన పట్ట అయితే ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని దగ్గర 15351 అనే అంకె ఉందా చూడండి. ఆ అంకె కుంటల్లో పరిచే నేత పట్టకు ఇచ్చింది. ఈ అంకెను మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

చీటీ ఒకటి, సరుకు ఒకటి అయితే? తూకం వేయించండి. నేత లేని నల్ల షీటు 500 మైక్రాన్లదైతే, 100 చదరపు అడుగులకు నాలుగు కిలోల పైన తూగుతుంది. 45 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు పట్ట 85 కిలోలకు తగ్గకూడదు. 50 కిలోల చిల్లర తూగిందంటే అది 300 మైక్రాన్లదే. అంగడాయన ఏం చెప్పినా కాటా అబద్ధం చెప్పదు. బిల్లు తీసుకోండి, అందులో మైక్రాన్లు రాయించుకోండి. సబ్సిడీ ఉందేమో కొనకముందే వ్యవసాయ ఆఫీసులో, ఉద్యానశాఖ ఆఫీసులో అడగండి.

ఒక అక్క అడిగింది, పట్నంలో ఈత కొలనుల్లో పరిచే మెత్తటి వినైల్ షీటు మంచిది కాదా అని. అది కూడా పీవీసీయే. పైపులు చేసే ప్లాస్టిక్‌కు మెత్తదనం రావడానికి నూనెలాంటి మందు కలుపుతారు. మూలల్లో చక్కగా ఒదుగుతుంది. చిరిగితే పీవీసీ గమ్ముతో ముక్క అతకొచ్చు. కానీ ఎండలో ఆ మెత్తదనం పోతుంది, బిరుసెక్కి పగులుతుంది. నీళ్ళ పైన తేలి ఉండే అంచు ముందు పోతుంది. మన ఎండకు, చేలో కుంటకు, ఎండను తట్టుకునేలా చేసిన నల్ల పాలిథీన్ షీటే నయమని నా మాట. దానికి మామూలు గమ్ము అంటదు. వేడి మిషనుతో అతికించాలి. అందుకే కంపెనీలోనే ఒకే ముక్కగా అతికించి తెప్పించుకోవాలి.

పరిచే ముందు నేల సిద్ధం చేయాలి. రాళ్ళు, వేర్లు, మొద్దులు ఏరేయాలి. తుంగను గడ్డతో సహా తీయాలి. తుంగ మొలక సూదిలా ఉంటుంది, పట్టను కింది నుంచి పొడుచుకొని వస్తుంది. ఎలుక బొరియలుంటే పూడ్చండి. తర్వాత జల్లెడ పట్టిన మట్టిని కొంచెం తడిపి, రెండు మూడు అంగుళాలు పరిచి చదును చేయండి. అయ్యాక చెప్పులు విడిచి కుంటంతా నడవండి. మీ కాలికి గుచ్చుకునేది పట్టకూ గుచ్చుకుంటుంది. ఈ పని మగవాళ్ళకు వదలొద్దు. వాళ్ళకు ఓపిక తక్కువ. నవ్వకండి, నేను చూసిందే చెబుతున్నా.

పొద్దున్నే పరచండి. మిట్ట మధ్యాహ్నం వద్దు. ఎండకు పట్ట సాగుతుంది, రాత్రికి ముడుచుకొని బిగుసుకుంటుంది. కొంచెం వదులుగా ఉండాలి. లాగి బిగిస్తే నీళ్ళ బరువుకు అతుకు విడిపోతుంది. గాలి లేని రోజు చూసుకోండి. పదిమంది మనుషులు కావాలి.

నీళ్ళు కుంటలోకి వచ్చే దారిలో ముందు ఒక చిన్న గుంత తీయాలి. ఒండ్రు అందులో దిగుతుంది, తేరిన నీళ్ళు కుంటలోకి పోతాయి. లేకపోతే రెండేళ్ళలో కుంట సగం మన్నే. గుంతలో మన్ను ఎప్పటికప్పుడు చేలో చల్లుకోవచ్చు. కుంటలోనే పూడిక పడితే పార, గడ్డపార దించకండి. ప్లాస్టిక్ చేటతో, చేతులతో ఎత్తాలి. మోటారు ఫుట్‌వాల్వును పట్ట మీద పడేయొద్దు. ఖాళీ డ్రమ్ముకు కట్టి తేల్చాలి. ఎనుములను దిగనివ్వకండి. వేసవిలో కూడా అడుగున ఒక అడుగు నీళ్ళు ఉంచుకోగలిగితే మంచిది. ఎండ, గాలి పట్టను పాడు చేయవు.

నీళ్ళు తగ్గుతున్నాయి, కారిపోతున్నాయా, ఎండకు పోతున్నాయా? ఇలా చూడండి. ఒక బకెట్టు నిండా నీళ్ళు పోసి కుంట ఒడ్డున ఎండలో పెట్టండి. బకెట్టులో నీటి మట్టం దగ్గర ఒక గీత గీయండి. కుంటలో ఒక పుల్లను ఒడ్డు నుంచి వేలాడదీసి, దాని మీదా గీత గీయండి. ఒక పగలు, ఒక రాత్రి ఆగండి. రెండూ ఇంచుమించు ఒకటే తగ్గితే అది ఎండ పని. కుంట బాగా ఎక్కువ తగ్గితే ఎక్కడో చిల్లు ఉంది. నీళ్ళు దిగుతూ దిగుతూ ఏ మట్టం దగ్గర ఆగితే, చిల్లు ఆ మట్టం దగ్గరే ఉంటుంది. అక్కడ చుట్టూ చేత్తో తడమండి.

ఇంతా చేస్తే ఎంత నీరు? చిన్నాన్న కుంట అంత కుంట నిండితే లక్షా పద్నాలుగు వేల లీటర్లు. 15 లీటర్ల బిందెలతో మోస్తే ఏడు వేల బిందెల పైమాటే. తుంపర పైపులతో ఎకరాకు ఒక పలచటి తడి ఇవ్వడానికి సుమారు 40 వేల లీటర్లు కావాలి. అంటే రెండు తడులు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కాసేపు మాటలాపి వినండి.

మట్టి కుంటలో పడినవాడు గడ్డి పట్టుకొని ఎక్కుతాడు. పట్ట వేసిన కుంటలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నున్నటి పట్ట, పైన పాచి. ఈత వచ్చినవాడు కూడా ఎక్కలేడు. ఎక్కబోయిన కొద్దీ జారతాడు.

మా ఊళ్ళో నాలుగో తరగతి చదివే పాప, చేలో దప్పికై సీసాలో నీళ్ళు ముంచుకోబోయింది. కాలు జారింది. వాళ్ళ అవ్వ దగ్గర్లోనే ఉంది. ఆమె నీళ్ళలోకి దూకలేదు. ఆవు పలుపు విప్పి, ఒక కొస గూటానికి వేసి, ఇంకో కొస పాప మీదికి విసిరింది. పాప బతికింది. ఇప్పుడు నా తరగతిలో ముందు బల్ల మీద కూర్చుంటుంది. అవ్వ కంగారులో దూకి ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళు. ఇలా ఒకరి కోసం ఒకరు దూకి ఇద్దరూ పోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

అందుకని పట్ట పరిచిన రోజే, నీళ్ళు రాకముందే, నాలుగు పక్కలా నాలుగు గూటాలు పాతండి. ఒక్కోదానికి లావు తాడు కట్టి, మూరకు ఒక ముడి వేసి, కుంట అడుగుదాకా వదలండి. ముడి ఉంటే చేయి జారదు. పాత లారీ ట్యూబు ఒకటి ఒడ్డున పెట్టండి, దానికీ తాడు కట్టండి. చుట్టూ కంప వేయండి, వీలైతే కంచె. ఎవరైనా పడితే దూకొద్దు. తాడు లేకపోతే చీర విసరండి. చీర ఆరు గజాలు, అంటే 18 అడుగులు. సిగ్గుపడే సమయం కాదది. పిల్లలకు ఇంట్లో మీరు చెప్పండి, బడిలో నేను చెబుతున్నాను.

తాళ్ళు ఏడాదికొకసారి మార్చాలి. ఎండకు అవీ చివికిపోతాయి.

వచ్చే ఆదివారం చివరింటి పెద్దమ్మ వాళ్ళ కుంట కొలుద్దాం. పెద్దమ్మ ఒప్పుకుంది. పొద్దున ఏడింటికే రండి, ఎండ ముదరక ముందే అయిపోతుంది. టేపు నేను తెస్తాను. తాడు ఎవరింట్లో పొడవైనది ఉంటే వాళ్ళు తీసుకురండి. పలక, బలపం మరిచిపోవద్దు.