నారుమడి లేని ఊరు
దడాల రఫేల్ రమణయ్య స్మారకోపన్యాసం, యానాం



దడాల పేరు మీద ఉపన్యాసం అనగానే 1954 జూన్ 13 కథ చెబుతాననుకుంటారు. ఫ్రెంచి జెండా ఎలా దిగిందో, మన జెండా ఎలా ఎగిరిందో నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ముందు వరుసలోనే కూర్చున్నారు. వాళ్ళ ముందు నేను పాఠం చెప్పడం గోదావరికి నీళ్ళు మోసుకెళ్ళినట్టుంటుంది. అందుకని ఒక ఓటు గురించి చెబుతాను. నాది కాదు, మా వీధి పెద్దాయనది.

2021 ఏప్రిల్ 6న పుదుచ్చేరి శాసనసభకి పోలింగు. ఆయన పొద్దున్నే తలంటుకుని, చలవ చొక్కా వేసుకుని వెళ్ళాడు. తండ్రి కాలం నుంచీ ఆ ఇల్లు కాంగ్రెస్. అటక మీద మూడు సైజుల జెండాలుంటాయి. తిరిగొచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

"మాస్టారూ, మిషను మీద చెయ్యి గుర్తు లేదండి."

చూపు ఆనలేదేమో అనుకున్నాను. కాదు. నిజంగానే లేదు. ఆ ఎన్నికలో 30 స్థానాలకి గాను కాంగ్రెస్ తన గుర్తు మీద 14 చోట్లే పోటీ చేసింది. యానాంలో ఎవరినీ నిలబెట్టలేదు. కూటమి లెక్కలో ఈ స్థానాన్ని ఒక ఇండిపెండెంటుకి వదిలేసింది. మరి దేనికి వేశావు బాబాయ్ అని అడిగాను. "అది మాత్రం అడక్కండి" అన్నాడు. ఇప్పటికీ చెప్పలేదు.

అంతకు ముందు సంగతి మీ అందరికీ తెలుసు. మల్లాడి కృష్ణారావు గారు 1996లో ఇండిపెండెంటుగా మొదటిసారి గెలిచారు. తర్వాత కాంగ్రెస్‌లోకి వచ్చారు, మంత్రి అయ్యారు. 2016 దాకా వరసగా అయిదు ఎన్నికలు ఆయనవే. ఏళ్ళ తరబడి యానాంలో కాంగ్రెస్ ఆఫీసు ఎక్కడని ఎవరైనా అడిగితే వేలు ఆయన ఇంటివైపే చూపించేవాళ్ళం. 2021 మొదట్లో ఆయన పదవులకి రాజీనామా చేశారు, కాంగ్రెస్ నుంచి బయటికి వెళ్ళారు. ఎందుకన్నది నా ఉపన్యాసానికి అక్కర్లేదు. ఆయన వెళ్ళడంతోటే పార్టీ కూడా వెళ్ళిపోవడం, అదీ అక్కరకొచ్చే సంగతి. జెండా మోసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, ఓటర్లు ఊళ్ళోనే ఉన్నారు. బీఫారం పుచ్చుకునే మనిషే లేడు.

అవతలి పక్షం కథ ఇంకా విచిత్రం. కృష్ణారావు గారు పక్కకి తప్పుకుని సీటుని ఎన్ఆర్ కాంగ్రెస్ అధినేత రంగస్వామి గారికి ఇచ్చారు. ఆయన అక్కడ పుదుచ్చేరిలో తట్టాంచావడిలోనూ, ఇక్కడ యానాంలోనూ పోటీ చేశారు. పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన నాయకుడు మా కనకాలపేటలో, మెట్టకూరులో ఓట్లడిగితే ముఖ్యమంత్రి మన ఊరి నుంచే అని జనం సంబరపడ్డ మాట నిజం. మే 2న లెక్క తేలితే గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే యువకుడు, ఇండిపెండెంటు, 655 ఓట్లతో ఆయన్ని ఓడించాడు. అక్కడ గెలిచిన రంగస్వామి గారు మే 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అంటే ముఖ్యమంత్రి పార్టీ కార్యకర్తలు ఇక్కడ ఓడినవాళ్ళు. గెలిచినాయన ఏ పార్టీ మనిషీ కాదు. పెద్ద పార్టీ కార్యకర్తలకి అభ్యర్థే లేడు. ఇలాంటి ఎన్నిక ఇంకెక్కడైనా జరిగిందేమో మీరే చెప్పాలి.

ఆ రోజు నుంచీ టీ కొట్టు దగ్గర, రేవు గట్టు మీద, పెళ్ళి భోజనాల్లో ఒకటే మాట వింటున్నాను: "మాకు నాయకుడు లేడండి." కాంగ్రెస్ వాళ్ళదీ అదే మాట, ఎన్ఆర్ కాంగ్రెస్ వాళ్ళదీ అదే మాట. అభిమానులు మరోరకం. తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ, జనసేన ఫ్లెక్సీలు మా సెంటర్లో నిలువెత్తున లేస్తాయి, పుట్టినరోజులకి కేకులు కోస్తారు. ఆ పార్టీలకి ఓటు వెయ్యాలంటే మాత్రం ఓటరు కార్డు ఎల్లకి అవతల ఆంధ్రాలో ఉండాలి. అభిమానం కాకినాడలో, ఓటు పుదుచ్చేరిలో. మధ్యలో 870 కిలోమీటర్లు.

ఈ బాధని నేను వెక్కిరించను. సభ పెడితే కుర్చీలు సర్దేది కార్యకర్తే, కేసు పెడితే స్టేషన్ మెట్లెక్కేది అతనే. టికెట్ల వేళ అతన్ని అడిగేవాడు ఉండడు. నాయకుడు కండువా మార్చిన మర్నాడు, నిన్నటిదాకా తిట్టినవాడికి దండ వెయ్యాల్సొచ్చేది కూడా అతనికే.

ఇది యానాం ఒక్కదాని జబ్బు కాదు. గోదావరి నీళ్ళు తాగేవాళ్ళందరూ ఎరిగిందే. 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పుట్టినప్పుడు మన జిల్లాల నుంచి ఎన్ని లారీలు వెళ్ళాయో గుర్తు తెచ్చుకోండి. 2009లో చిరంజీవి గారు సొంత గడ్డ పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. పార్టీకి 18 సీట్లొచ్చాయి. 2011 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌లో కలిపేస్తున్నామని ప్రకటన వచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి జెండాలు కుట్టించినవాడికి ఆ కబురు టీవీలోనే తెలిసింది. అదే 2011 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో రంగస్వామి గారు కాంగ్రెస్ నుంచి విడిపోయి కొత్త పార్టీ పెట్టారు. ఒకచోట ఒక మనిషి కోసం పార్టీ మూతపడింది, ఇంకోచోట ఒక మనిషి కోసం పార్టీ తెరుచుకుంది. 2019లో జనసేనకి రాష్ట్రం మొత్తం మీద దక్కిన ఒకే ఒక్క సీటు మన పక్కనున్న రాజోలు. ఆ ఒక్క శాసనసభ్యుడూ కొద్ది నెలల్లోనే అధికార పక్షం వైపు మొగ్గారు. అప్పుడు రాజోలు కుర్రాళ్ళ ముఖాలు చూసినవాళ్ళకి నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

కొంచెం వెనక్కి వెళదాం. ఫ్రెంచి ఇండియాలో సోషలిస్టు పార్టీ నాయకుడు ఎదువార్ గూబేర్. ఇండియాలో విలీనం కావాలన్నవాళ్ళని ఆయన మనుషులు కొన్నేళ్ళ పాటు తరిమారు. 1954 మార్చిలో ఆయనే విలీనం కావాలన్నారు. 1963లో పుదుచ్చేరికి కాంగ్రెస్ ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఆయన కింద కర్ర పట్టుకున్న అనుచరుడి గతేమిటి? ఆదివారం దాకా "వందేమాతరం" అన్నవాడిని కొట్టి, సోమవారం తనే ఆ మాట అనాలి. అతని వైపు నుంచి ఈ చరిత్ర ఎవరూ రాయలేదు. రాస్తే ఎన్ని ఊళ్ళ కార్యకర్తల కథ అవుతుందో.

ఇప్పుడు నా మాట. "నాయకుడు లేడు" అనే ఫిర్యాదు తప్పు చోట పెడుతున్నారు. లేనిది నారుమడి.

మీలో సగం మంది రైతుబిడ్డలు. కాలవకి నీళ్ళు వదలగానే సార్వాకి ముందు ఏం చేస్తారు? చేలో ఒక మూల దమ్ము పట్టి నారు పోస్తారు. అది మూడు నాలుగు వారాలు ఎదగాలి. అప్పుడు పీకి, కట్ట కట్టి, ఊడ్పులకి తెస్తారు. నారుమడి వెయ్యకుండా ఊడ్పుల రోజున గట్టు మీద నిలబడి "నారేదీ, నారేదీ" అంటే పక్క ఊరి నుంచి కొనుక్కురావాలి. అరువు నారు ఏ రకమో పొట్టకొచ్చేదాకా తెలియదు. 2021లో మనం చేసింది అదే.

రాజకీయానికి నారుమడి వార్డు. వీధి లైటు, డ్రైనేజి, కుళాయి, ఇంటి పన్ను. వాటి మీద జనం చేత తిట్లు తిని, మళ్ళీ అదే జనం ముందు చెయ్యి జోడించి నిలబడితే మనిషి నాయకుడవుతాడు. 1880లో ఫ్రెంచివాళ్ళు తమ వలసల్లో మునిసిపాలిటీలు పెట్టారు, యానాంకి మేయరు ఉండేవాడు. ఆ ఎన్నికలు పద్ధతిగా జరిగాయని నేను ప్రమాణం చెయ్యను, చాలా అక్రమాలు జరిగేవి. అయినా మేయరంటూ ఒకడుండేవాడు. 1962 ఆగస్టు 16న చట్టప్రకారం మనం ఇండియాలో కలిశాం. అప్పటి నుంచి పుదుచ్చేరి ప్రాంతాల్లో స్థానిక ఎన్నికలు జరిగినవి రెండే సార్లు. ఒకటి 1968లో. రెండోది 2006లో, 38 ఏళ్ళ తర్వాత. 2006లో ఎన్నికైనవాళ్ళ గడువు 2011తో తీరింది. 2021లో మళ్ళీ పెడతామని ప్రకటన ఇచ్చారు, కోర్టు గొడవల్లో అదీ ఆగిపోయింది.

2011 జనాభా లెక్కల్లో మన ఊళ్ళో 55,626 మంది. ఇంతమందికి ఎన్నికైన మనిషి ఒక్కడే, శాసనసభ్యుడు. పార్లమెంటు సభ్యుణ్ణి పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిపి పంచుకోవాలి. అంచేత డ్రైనేజి పొంగినా, పడవకి ఇంజను కావాలన్నా, కాలేజీ సీటు కావాలన్నా ఆ ఒక్క ఇంటి గుమ్మమే. గుమ్మం ఒక్కటే అయినప్పుడు ఆ గుమ్మమే పార్టీ అవుతుంది. అందుకు ఆ ఇంటాయనని తప్పుపట్టడం తేలిక. 1964 మొదలు పాతికేళ్ళ దాకా కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు గారి చుట్టూ తిరిగాం, అసెంబ్లీ స్పీకరుగా చూసి గర్వపడ్డాం. తర్వాత ఇంకో పాతికేళ్ళు ఇంకొకరి చుట్టూ. మనుషులు మారారు, పార్టీలు మారాయి. ఒక్క గుమ్మం లెక్క మాత్రం మారలేదు.

రీజెన్సీ ఫ్యాక్టరీ గొడవ సంగతి ఎత్తకుండా ఉండలేను. 2012 జనవరి 27. ఒక కార్మిక నాయకుడి ప్రాణం, ఒక కంపెనీ అధికారి ప్రాణం ఒకే రోజు పోయాయి. ఫ్యాక్టరీ మూతపడి వేలమంది పొయ్యి ఆరిపోయింది. మునిసిపల్ కౌన్సిల్ గడువు అంతకు ముందు ఏడే తీరింది. వార్డు మెంబర్లుంటే ఆ ఘోరం ఆగేదని అనను, అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ ఉదయం కార్మికులకీ పోలీసులకీ మధ్య నిలబడే హక్కు జనం ఇచ్చిన మనుషులు ఊళ్ళో ఎంతమందున్నారు?

నారుమడి ఉంటే ఏం జరుగుతుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. బ్రిడ్జి ఎక్కండి. అవతలి ఒడ్డున ఎదుర్లంక. అక్కడ పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారు 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యారు. 1991లో అమలాపురం నుంచి పార్లమెంటుకి వెళ్ళారు. 1996లో ఓడారు. ఓడితే ఇంటికి పోలేదు, ముమ్మిడివరం శాసనసభ్యుడై మంత్రి అయ్యారు. 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. జిల్లా పరిషత్ అనే మడి లేకపోతే ఆ లంక కుర్రాడికి ఢిల్లీ దారి ఎవరు చూపేవారు? 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో ఆయన పోయాక ఆ వంతెనకి ఆయన పేరు పెట్టారు. రోజూ దాని మీదే అమలాపురం తిరుగుతాం. దాని ఇవతలి చివర మునిసిపల్ కౌన్సిలర్ అనే పదవే ఖాళీ.

వార్డు ఎన్నికలొస్తే సీసాలు, నోట్లు పంచుతారని ఇప్పుడే ఎవరో వెనక నుంచి అన్నారు. పంచుతారు. యానాంలో సీసాకి కరువా? (నవ్వులు) అసెంబ్లీకి పంచడం లేదా మరి? పంచుతారని ఎన్నికే వద్దంటే తెగులొస్తుందని నాట్లు మానేసినట్టు.

పార్టీలూ తప్పించుకోలేవు. సభ్యత్వ పుస్తకం ఏది, ఊరి కమిటీని ఎవరు ఎన్నుకున్నారు, అభ్యర్థి పేరు హైకమాండుకి పంపేముందు ఎవరినడిగారు? ఈ మూడూ మన యానాంలో ఏ పార్టీ చెబుతుంది? ఇన్‌ఛార్జి అని ఒక మాట కనిపెట్టారు. ఎన్నుకోని మనిషికి పెట్టిన పేరది. కార్యకర్తలు నాయకుడి కోసం ఏడుస్తారు గానీ ఈ పుస్తకం కోసం ఒక్కసారైనా పోట్లాడరు. వాళ్ళ మీద నా ఫిర్యాదు అదొక్కటే.

దడాల దగ్గరికి వస్తాను, లేకపోతే పేరు పెట్టినవాళ్ళు ఒప్పుకోరు. 1908లో ఫరంపేటలో పుట్టారు. పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసు ఉద్యోగం చేశారు, ఆ తర్వాత విలీన ఉద్యమంలోకి దూకారు. వాలంటీర్లని వెంటబెట్టుకుని యానాంలోకి నడిచిన రోజు ఆయన చేతిలో ఎవరిచ్చిన బీఫారమూ లేదు. తర్వాత తన పోరాటాన్ని ఇంగ్లీషులో పుస్తకంగా రాసుకున్నారు. 1991లో పోయారు. యానాం శాసనసభ్యుల జాబితాలో ఆయన పేరు వెతకండి, దొరకదు. ఆయన తెచ్చిపెట్టిన స్వేచ్ఛలో ఆయనకే చోటు దొరకలేదంటే ఆ జాబితా తయారయ్యే పద్ధతి గురించి ఏమనుకోవాలి?

ఇంటికి వెళ్ళేముందు ఒక్క పని. గుమ్మం పక్కన బల్ల మీద ఒక అర్జీ పెట్టాం. యానాం మునిసిపాలిటీకి వెంటనే ఎన్నికలు పెట్టమని అందులో నాలుగు వాక్యాలున్నాయి. ఏ పార్టీ పేరూ లేదు. మా వీధి పెద్దాయన అందరికంటే ముందొచ్చి సంతకం పెట్టాడు. కలం కట్టి ఉంచాం. మీరూ పెట్టి వెళ్ళండి.