మీ పేరుతో ఇంకెవరో మెయిల్ పంపిస్తుంటే...

"నేను పంపని మెయిల్ నా అడ్రస్ నుంచి వచ్చిందంటున్నారండీ, నా అకౌంట్ హ్యాక్ అయినట్టేనా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

పోస్టులో వేసే కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు, పోస్ట్‌మ్యాన్ అడగడు కదా! మెయిల్ కూడా అంతే. మెయిళ్ళను మోసే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతిని 1982లో రాసినప్పుడు, పంపినవాళ్ళు నిజంగా వాళ్ళేనా అని చూసే ఏర్పాటు అందులో పెట్టలేదు. అందుకే స్పామర్‌కి మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, మీ అడ్రస్ తెలిస్తే చాలు.

అయితే దొంగ మీ పేరు మాత్రమే వాడుకున్నాడా, లేక ఇంట్లోకే వచ్చాడా అన్నది ముందు తేల్చుకోవాలి. సెంట్ ఫోల్డర్ ఖాళీగా ఉందని ధీమాగా ఉండకండి, పంపి డిలీట్ చేసి ఉండొచ్చు. అకౌంట్ సెట్టింగ్స్‌లో మీది కాని ఫోన్ గానీ కంప్యూటర్ గానీ లాగిన్ అయి ఉందా, మీరు పెట్టని ఫార్వర్డింగ్ ఏదైనా ఉందా చూడండి. ఉంటే వెంటనే దాన్ని తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. అలాంటివేమీ లేకపోతే అది చాలావరకు ఫోర్జరీనే. దాన్ని పాస్‌వర్డ్ మార్చి ఆపలేం.

ఇంకో ఆధారం కూడా ఉంది. మెయిల్ అందుకున్నవాళ్ళు జీమెయిల్ వాడుతుంటే, 'షో ఒరిజినల్' నొక్కమనండి. అక్కడ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు కనిపిస్తాయి. డీమార్క్ దగ్గర 'ఫెయిల్' అని ఉంటే అది ఫోర్జరీ అనడానికి గట్టి గుర్తు.

సొంత డొమైన్‌తో వ్యాపారం చేసేవాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. మీ పేరుతో "బ్యాంక్ అకౌంట్ మారింది, డబ్బు ఇందులో వేయండి" అని మీ కస్టమర్‌కి మెయిల్ వెళ్తే, డబ్బు వాళ్ళది పోతుంది, నమ్మకం మీది పోతుంది. కాబట్టి ఆ మూడూ మీ డొమైన్‌కి పెట్టించండి. మీ తరఫున ఏ సర్వర్లు పంపొచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ సంతకం లాంటిది. రెండూ తప్పితే ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. చాలామంది డీమార్క్‌ని 'నన్' దగ్గరే వదిలేస్తారు. అంటే వాచ్‌మన్‌ని పెట్టి, ఎవర్నీ ఆపొద్దని చెప్పినట్టే! కొన్నాళ్ళు రిపోర్టులు చూసుకుని, మీ అసలు మెయిళ్ళన్నీ పాసవుతున్నాయని తేలాక 'రిజెక్ట్'కి మార్చండి.

మీ అడ్రస్‌లో ఒక్క అక్షరం మార్చి కొత్త డొమైన్ కొనేవాడిని మాత్రం ఇది ఆపదు. అందుకే డబ్బు మాట ఏదొచ్చినా ఫోన్ చేసి కనుక్కోమని మీ వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమనండి.